కాలిన చోట ఏ మందు రాయాలి అని అడిగేవాళ్లకి

"సిస్టరమ్మా, బీటాడిన్ రాయమంటారా, తెల్ల ఆయింట్‌మెంట్ రాయమంటారా?" ఫొటో ఒకటి, కింద ఈ ముక్క. శ్రీకాకుళం జిల్లాలో డ్రెస్సింగ్ రూములో పనిచేసే నర్సుని కాబట్టి చుట్టాల నుంచి, ఊళ్లోవాళ్ల నుంచి నాకు ఎక్కువగా వచ్చే మెసేజీ ఇదే. సంక్రాంతి ముందు అరిసెలు వండే రోజుల్లో, భోగి మర్నాడు, దీపావళి రాత్రి ఇంకా ఎక్కువ. అందరికీ విడివిడిగా చెప్పేదాన్ని ఒకచోట రాసి పెడదామని ఎప్పటినుంచో అనుకుంటున్నాను, ఎందుకంటే ఈ ప్రశ్నకి ఒక్క పేరుతో జవాబు దొరకదు. ఎంత లోతు కాలింది, కాలి ఎన్ని రోజులైంది, ఎవరి ఒంటి మీద కాలింది అన్నది తెలిస్తే గానీ మందు పేరు చెప్పలేం. చిన్నగా, పైపైన కాలినవాటికి చాలావరకు యాంటీసెప్టిక్, అంటే సూక్ష్మజీవుల్ని చంపే పైపూత మందు, అసలు అక్కర్లేదు.

మందు సంగతి తర్వాత, ముందు నీళ్లు. కుళాయివో బోరువో బిందెలోవో, మామూలు చల్లదనం ఉన్న శుభ్రమైన నీళ్లు కాలిన చోట 20 నిమిషాలు ధారగా పడాలి. కాలిన వెంటనే అయితే చాలా మేలు, వెంటనే కుదరకపోయినా 3 గంటల లోపు పోస్తే కూడా ఉపయోగం ఉంటుంది. 20 నిమిషాలంటే గడియారం చూసుకుని 20 నిమిషాలే. చాలామంది రెండు చెంబులు పోసి, మంట కాస్త తగ్గగానే ఆపేసి మందు కోసం పరిగెడతారు. పైన చల్లబడినట్టు అనిపించినా వేడి లోపలికి దిగుతూనే ఉంటుంది. కాలిన చోట నడిమి భాగం ఎలాగూ చచ్చిపోతుంది గానీ దాని చుట్టూ బతుకుతుందో పోతుందో తేలని చర్మం కొంత ఉంటుంది, దాన్ని నిలబెట్టేది ఈ నీళ్లే, ఏ క్రీమూ ఆ పని చెయ్యలేదు. ఐస్ మాత్రం వద్దు, దానివల్ల రక్తనాళాలు ముడుచుకుపోయి ఆ బతికే చర్మం కూడా పోతుంది. పసిపిల్లలకి ఎక్కువ భాగం కాలితే మిగతా ఒంటిని దుప్పటితో కప్పి కాలిన చోట మాత్రమే నీళ్లు పొయ్యాలి, లేకపోతే ఒళ్లు చల్లబడిపోతుంది. ఉంగరాలు, గాజులు, మెట్టెలు వాపు రాకముందే తీసేయండి.

మా దగ్గరికి వచ్చేసరికి కాలిన చోట ఏదో ఒకటి రాసే ఉంటుంది. టూత్‌పేస్టు, పసుపు, కాఫీ పొడి, ఇంకు, కోడిగుడ్డు సొన, కొన్నిసార్లు పొయ్యిలో బూడిద. తల్లి గంజి వారుస్తుంటే వెనకనుంచి పరిగెత్తుకొచ్చి తగిలిన ఒక పిల్ల నాకు బాగా గుర్తు. తొడ మీద అరచెయ్యంత మేర టూత్‌పేస్టు ఎండి, పగుళ్లిచ్చి, చర్మానికి కరుచుకుని ఉంది. "ఏటి సేత్తామమ్మా, బొబ్బ రాదని మా అత్త రాసీమంది, రాసీసినాను" అంది తల్లి. ఆవిణ్ని ఏమనగలం, ప్రేమతోనే రాసింది. సెలైన్‌లో తడిపిన గాజు గుడ్డ, అంటే కట్టుకి వాడే పలచటి వలలాంటి గుడ్డ, దాని మీద పరిచి, నానేదాకా ఆగి, అంచు నుంచి కొంచెం కొంచెంగా లేపుతుంటే ఆ పిల్ల తల్లి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. కింద ఉన్నది లేత గులాబీ రంగు చర్మం, తడిగా, నిగనిగలాడుతూ. అంటే పైపైన కాలింది, దానంతటదే మానేది. ఆ పిల్ల పడ్డ బాధలో సగం ఆ పేస్టు తీయడం వల్ల పడ్డదే. పసుపు, ఇంకు లాంటి రంగులతో ఇంకో ఇబ్బంది ఏమిటంటే కింద చర్మం రంగు కనిపించదు, రంగు కనిపించకపోతే లోతు చెప్పలేం.

ఇక యాంటీసెప్టిక్ ఎందుకు అన్న సంగతి. కాలిన కొత్తలో ఆ చోట సూక్ష్మజీవులు పెద్దగా ఉండవు, పైనున్నవి వేడికి పోతాయి. వెంట్రుకల కుదుళ్లలో, చెమట గ్రంథుల్లో మిగిలినవి ఒకటి రెండు రోజుల్లో పైకి వస్తాయి. వారం తిరిగేసరికి మన పేగుల్లోంచి, చుట్టుపక్కల నుంచి, కడగని చేతుల నుంచి మొండి రకాలు చేరతాయి. లోతుగా కాలితే చచ్చిన చర్మానికి రక్తం అందదు, అందుకని సూదిమందుగా ఇచ్చిన యాంటీబయాటిక్ అక్కడిదాకా వెళ్లదు. ఆ కారణంగానే పైపూత మందులు కనిపెట్టాల్సి వచ్చింది. ఒకప్పుడు ఒళ్లు ఎక్కువగా కాలి, మొదటి రెండు మూడు రోజుల గండం గడిచినవాళ్లు కూడా తర్వాత ఇన్ఫెక్షన్ నెత్తురులోకి పాకి పోయేవారు. 1965 ప్రాంతంలో 0.5 శాతం సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో తడిపిన కట్లు వాడకంలోకి వచ్చాయి. బాగానే పనిచేశాయి గానీ పక్కగుడ్డలు, నర్సుల చేతులు, నేల అన్నీ నల్లబడేవి, పైగా ఒంట్లో సోడియం తగ్గిపోయేది. మాఫెనైడ్ అని ఇంకో మందు, చచ్చిన చర్మంలోంచి లోపలికి దిగే గుణం దానిది, కాకపోతే విపరీతమైన మంట, ఎక్కువ మేర రాస్తే రక్తంలో ఆమ్లం పెరిగేది. 1968లో చార్లెస్ ఫాక్స్ అనే అమెరికా డాక్టరు వెండిని సల్ఫాడయాజిన్ అనే సల్ఫా మందుతో కలిపి సిల్వర్ సల్ఫాడయాజిన్ తయారు చేశారు. మంట లేదు, రాస్తే చల్లగా ఉంటుంది. మన మందుల షాపులో "కాలినదానికి తెల్ల ఆయింట్‌మెంట్" అని అడిగితే ఇచ్చేది చాలావరకు ఇదే, 1 శాతం క్రీమ్.

ఆ మందు ఎవరి కోసం పుట్టిందో చూడండి. ఒంట్లో పెద్ద భాగం, లోతుగా కాలి, చచ్చిన చర్మం మీద సూక్ష్మజీవులు పెరిగి ప్రాణం మీదికి వచ్చే మనిషి కోసం. అట్లపెనం తగిలి వేలు చురుక్కుమన్న మనిషికి అదే మందు అక్కర్లేదు. ఇప్పుడు మనం చేస్తున్నది మాత్రం అదే.

లోతు ఎలా చూస్తాం అంటే, ఎర్రబడి, పొడిగా ఉండి, బొబ్బ లేకపోతే అది పైపొర మాత్రమే, కొన్ని రోజుల్లో పొట్టు రాలి పోతుంది, ఏ మందూ అక్కర్లేదు. బొబ్బలెక్కి, బొబ్బ కింద గులాబీ రంగులో తడిగా ఉండి, గాలి తగిలినా మంటపుట్టి, వేలితో నొక్కి వదిలితే తెల్లబడి మళ్లీ ఎర్రబడితే రక్తం ఆడుతోందన్నమాట, శుభ్రంగా ఉంచితే రెండు వారాల్లోపు మానుతుంది. నొక్కితే రంగు మారకపోయినా, తెల్లగానో, గోధుమ రంగులోనో, తోలులా గట్టిగానో ఉన్నా, సూదితో తాకినా నొప్పి తెలియకపోయినా అది లోతు. నొప్పి లేదు కదా తగ్గిపోతోంది అనుకుంటారు, కానీ అక్కడ నొప్పి తెలిపే నరాలే కాలిపోయాయి. అలాంటిది మూడు వారాలు దాటినా మానకుండా, మానినా గట్టి మచ్చై చర్మాన్ని లాగేస్తుంది, కీలు దగ్గరైతే వేళ్లు, మోచెయ్యి వంగిపోయి ఉండిపోతాయి. దానికి చర్మం అతికించే ఆపరేషన్ అవసరమా అని సర్జన్ చూడాలి, మనం ఇంట్లో ఆయింట్‌మెంట్ మార్చి మార్చి రాస్తూ కూర్చోకూడదు. అరిసెల పాకం ఒంటి మీద పడితే ఎక్కువగా ఇంత లోతుకి పోతుంది, ఎందుకంటే నీళ్ల కన్నా వేడి ఎక్కువ, పైగా జారిపోకుండా అంటుకుని ఉంటుంది. చిక్కటి గంజి కూడా అంతే.

సూక్ష్మజీవిని చంపే ద్రావణం ఏదైనా, కొత్తగా పుట్టే చర్మ కణాల్ని కూడా కొంతో గొప్పో చంపుతుంది. కలుపు పోవాలని మందు ఎడాపెడా కొడితే వరి నారు కూడా మాడిపోయినట్టే. సూక్ష్మజీవులు గెలిచేటట్టు ఉన్న పుండులో ఆ నష్టం భరించినా ఫలితం ఉంటుంది. శుభ్రంగా మానుతున్న పుండులో రోజూ పోస్తే వెనక్కి లాగడమే అవుతుంది. యాంటీసెప్టిక్ ఎంచుకోవడం అంటే నా లెక్కలో ప్రతి కట్టుకీ ఈ బేరీజు మళ్లీ వేసుకోవడం.

స్పిరిట్, డెటాల్, హైడ్రోజన్ పెరాక్సైడ్ ఈ మూడూ కాలిన పుండు దరిదాపులకి రానివ్వకండి. స్పిరిట్ గాయపడని చర్మానికి, సూది వేసే ముందు రాయడానికి. డెటాల్ నీళ్లు కలపకుండా పోస్తే మంచి చర్మమే కాలుతుంది, అలా పోసుకుని చుట్టూ నల్లగా కమిలి వచ్చినవాళ్లని చూశాను. పెరాక్సైడ్ బుసబుస పొంగుతుంటే "చూడండి, చీము అంతా పోతోంది" అని మురిసిపోతారు. ఆ నురగ మన కణాల్లోనూ రక్తంలోనూ ఉన్న ఎంజైమ్ దాన్ని విరగ్గొట్టడం వల్ల వస్తుంది, సూక్ష్మజీవులు ఎన్ని చచ్చాయో ఆ నురగని చూసి చెప్పలేం. జెన్షన్ వయొలెట్, అదే ఊదా రంగు మందు, పుండు రంగుని పూర్తిగా కప్పేస్తుంది కాబట్టి అదీ వద్దు.

బీటాడిన్ గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ప్రతి ఇంట్లోనూ ఉంది కదా. దాన్లో ఉండే పోవిడోన్ అయోడిన్ మంచి మందే, చాలా రకాల సూక్ష్మజీవులు, ఫంగస్‌తో సహా, దానికి లొంగుతాయి. ఆపరేషన్‌కి ముందు చర్మం శుభ్రం చెయ్యడానికి దానికి వంక పెట్టాల్సిన పని లేదు. కాలిన పుండు మీదైతే రసి, చీము, నెత్తురు ఎక్కువగా ఉంటే దాని బలం తగ్గిపోతుంది, పుండుని ఎండబెడుతుంది, లేత కణాల్ని దెబ్బతీస్తుంది. అన్నిటికంటే ముఖ్యంగా, ఎక్కువ మేర రాస్తే అయోడిన్ ఒంట్లోకి ఇంకుతుంది. థైరాయిడ్ జబ్బు ఉన్నవాళ్లకి, గర్భిణులకి, పాలిచ్చే తల్లులకి, పసికందులకి అది మంచిది కాదు. ఒంట్లో చేరిన అయోడిన్‌ని బయటికి పంపేది కిడ్నీలు. మన జిల్లాలో ఉద్దానం ఉంది, కవిటి, కంచిలి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు ఎన్ని ఇళ్లల్లో కిడ్నీ జబ్బు మనుషులు ఉన్నారో మనకి తెలుసు. అలాంటి మనిషికి వీపంతా కాలితే బీటాడిన్ గాజు పరిచి రోజూ కట్టు కట్టడం ఎంత ప్రమాదమో ఆలోచించండి. సల్ఫా మందు కూడా కిడ్నీల ద్వారానే పోవాలి కాబట్టి తెల్ల క్రీమ్‌తోనూ జాగ్రత్తే. డయాలసిస్ మీద ఉన్నారా, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఎంత ఉంది అన్న మాట డ్రెస్సింగ్ రూములో మేం అడగకపోయినా మీరే చెప్పండి, కాలిన దానికీ కిడ్నీకీ ఏం సంబంధం అనుకోకండి.

తెల్ల క్రీమ్ సంగతి. లోతుగా కాలి, ఆపరేషన్‌కి ఎదురుచూస్తున్న పుండు మీద, మురికి పట్టిన పుండు మీద, పెద్దాస్పత్రికి వెళ్లేలోగా ఇన్ఫెక్షన్ రాకుండా అది ఇప్పటికీ పనికొచ్చే మందే, ప్రభుత్వాస్పత్రుల్లో దొరుకుతుంది, ఖరీదు తక్కువ. బొబ్బలు వచ్చి పైపైన కాలినదాని మీద మాత్రం రోజూ రాస్తే మానడం ఆలస్యమవుతుంది. రాసిన ఒకటి రెండు రోజులకి పుండు రసితో కలిసి పసుపు బూడిద రంగులో మందంగా ఒక పొర కడుతుంది. ఇంట్లోవాళ్లు అది చీము అని హడలిపోతారు, కొందరు దాన్నే గోకి తీసేస్తారు, కింద లేత చర్మం నెత్తురు కారుతుంది. అది మందు వల్ల వచ్చిన పొర. అది ఉన్నంతసేపు డాక్టరుకి కూడా లోతు చూడటం కష్టం. అందుకే పెద్దాస్పత్రికి పంపాల్సిన కేసు అయితే తెల్ల క్రీమ్ రాయకుండా శుభ్రమైన గుడ్డ చుట్టి పంపితే అక్కడివాళ్లకి మేలు. రెండు నెలల లోపు పిల్లలకీ, నెలలు నిండిన గర్భిణికీ ఇది వద్దు, సల్ఫా వల్ల పసికందుకి కామెర్లు మెదడుకి చేరే ప్రమాదం ఉంది. సల్ఫా మాత్రలు పడనివాళ్లకి ఇదీ పడదు. సీతంపేట వైపు ఏజెన్సీ నుంచి వచ్చేవాళ్లలో ఎర్ర రక్తకణాల్ని కాపాడే జీ6పీడీ ఎంజైమ్ లోపం ఉందేమో అడగాలి, మలేరియా బాగా ఉండే ప్రాంతాల జనంలో ఆ లోపం ఎక్కువగా కనిపిస్తుంది, ఉన్నవాళ్లకి ఎక్కువ మేర ఈ క్రీమ్ రాస్తే ఎర్ర రక్తకణాలు పగలొచ్చు. మలేరియా మాత్రలు వేసుకున్నప్పుడు మూత్రం నల్లగా వచ్చిందా అని అడిగితే కొందరు గుర్తు తెచ్చుకుని చెబుతారు. ఎక్కువగా కాలినవాళ్లకి రాస్తున్నప్పుడు తెల్ల రక్తకణాలు కొన్నాళ్లు తగ్గడం కూడా ఉంది, రక్తపరీక్షలో చూసుకుంటారు.

పసుపు రంగు బర్నాల్, అమ్మమ్మల కాలం నుంచి వంటింటి అరలో ఉండేది, దాన్లో అమినాక్రిన్, సెట్రిమైడ్ అనే తేలికపాటి యాంటీసెప్టిక్‌లు. వేలు చురుక్కుమంటే నీళ్ల తర్వాత రాసుకుంటే నష్టం లేదు, బొబ్బలు పగిలిన పెద్ద పుండుకి అది సరిపోదు, పైగా పసుపు రంగు. సోఫ్రామైసిన్ లాంటివి యాంటీబయాటిక్ క్రీములు, ముందు జాగ్రత్తగా వారాల తరబడి రాసుకుంటే మొండి సూక్ష్మజీవుల్ని మనమే పెంచినట్టు, కొందరికి దురద, ఎలర్జీ కూడా వస్తుంది. యాంటీబయాటిక్ మాత్రలు కూడా అంతే. ఇన్ఫెక్షన్ లేకుండా "ముందుగా వేసుకుంటే మంచిది కదా" అని వేసుకోవడం వద్దు. ధనుర్వాతం రాకుండా వేసే ఇంజెక్షన్ మాత్రం తప్పకుండా చూసుకోండి. క్లోర్‌హెక్సిడిన్ నాకు నచ్చిన యాంటీసెప్టిక్, కాకపోతే స్పిరిట్ కలిసినది కాకుండా నీళ్లలో చేసినదే వాడాలి, కంటికీ చెవి లోపలికీ తగలకూడదు, నల్లగుడ్డు దెబ్బతింటుంది, వినికిడి పోవచ్చు. ముఖం కాలినప్పుడు ఈ జాగ్రత్త మర్చిపోకూడదు. పారఫిన్ పూసిన గాజులో క్లోర్‌హెక్సిడిన్ కలిపి అమ్మేవి ఉన్నాయి, పుండుకి అంటుకోవు, తీసేటప్పుడు కొత్త చర్మం ఊడిరాదు.

మరి చిన్నగా కాలితే మా ఇంట్లో ఏం చేస్తాం అంటే, 20 నిమిషాల నీళ్లు, మామూలు సబ్బు నురగతో మెల్లగా కడగడం, చిన్న బొబ్బల్ని ముట్టుకోకుండా వదిలెయ్యడం, పగిలితే పారఫిన్ గాజు కానీ, పలచగా వాసెలిన్ కానీ రాసి పైన శుభ్రమైన గాజు, దాని మీద వదులుగా కట్టు. అంతే. దూది నేరుగా పెట్టకండి, పోగులు పుండులో ఇరుక్కుంటాయి. కట్టు తడిసినా మురికైనా మార్చాలి, బాగుంటే రెండు మూడు రోజులు అలాగే ఉంచొచ్చు, రోజూ విప్పి చూస్తేనే శ్రద్ధ అని అనుకోవద్దు. కట్టు తీసేటప్పుడు లాగకుండా కాచి చల్లార్చిన నీళ్లు పోసి నానబెట్టండి. నొప్పికి పారాసిటమాల్ ఒంటి బరువుని బట్టి.

ఇంత నమ్మకంగా చెబుతున్నాను గానీ మందుల మధ్య పోటీ పెట్టి తేల్చిన పరిశోధనలు అంత గట్టివి కావు. 2017లో, వైద్య పరిశోధనల్ని ఒకచోట చేర్చి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ కాలిన పుండ్లకి యాంటీసెప్టిక్‌ల మీద 56 పరిశోధనల్ని కలిపి చూసింది, చాలా పోలికల్లో రుజువు బలహీనంగానే తేలింది. వెండి కలిసిన కొత్తరకం డ్రెస్సింగులు తెల్ల క్రీమ్ కన్నా కొంచెం త్వరగా మాన్పవచ్చనీ, తేనె యాంటీబయాటిక్ పూతల కన్నా త్వరగా మాన్పే అవకాశం ఉందనీ అందులో ఉంది. తేనె అనగానే మన పెద్దవాళ్లు సంతోషిస్తారు, నిజంగా మంచి విషయమే. కానీ అది రేడియేషన్‌తో స్టెరిలైజ్ చేసిన వైద్యపు తేనె, సంతలో సీసాలో అమ్మేది నేరుగా పుండులో పోస్తే దాన్లో ఉండే బీజాలు లోపలికి వెళ్లొచ్చు. మన దగ్గర దొరికే ఇంకోటి అరిటాకు. ముంబయి డాక్టర్లు స్టెరిలైజ్ చేసిన అరిటాకుని, అతికించడానికి చర్మం తీసిన చోట కట్టి, వాసెలిన్ గాజుతో పోల్చి 2003లో ప్రచురించారు, తీసేటప్పుడు నొప్పి బాగా తక్కువ. ఆకు మైనపు నునుపుకి అంటుకోదు, ఖరీదు దాదాపు లేదు. మన దగ్గర అరిటిచెట్టు లేని పెరడు తక్కువ కదా, ఆస్పత్రుల్లో ఆటోక్లేవ్ చేసి, అంటే ఒత్తిడి పెట్టిన ఆవిరితో సూక్ష్మజీవుల్ని చంపి, ఇది వాడితే బాగుండునని నాకు చాలా ఆశ. ఇంట్లో కోసి కడిగి కట్టుకోవడం మాత్రం వేరే సంగతి, అది చెయ్యకండి.

పలాస, కాశీబుగ్గ వైపు జీడి పరిశ్రమల్లో పనిచేసే ఆడవాళ్ల చేతులు చూస్తే మంట తగలకుండానే కాలిన మచ్చలు. జీడిపిక్క తొక్కలో ఉండే నూనెలో అనకార్డిక్ ఆమ్లం, కార్డాల్ ఉంటాయి, చర్మం తగిలిన చోట నల్లబడి, బొబ్బలెక్కి, పొరలుపొరలుగా ఊడిపోతుంది. అది రసాయనం చేసిన గాయం, దీనికి బీటాడిన్ పోసి రుద్దితే ఇంకా రేగుతుంది. సబ్బుతో, బోలెడు నీళ్లతో ఆ జిడ్డు పూర్తిగా పోయేదాకా కడగాలి, గోళ్ల సందుల్లో కూడా. ఆ చేతులతో ముఖం తుడుచుకున్నా, పిల్లని ఎత్తుకున్నా అక్కడా అంటుతుంది. పనికి ముందు నూనె పట్టించుకుంటారు, దాంతోపాటు గ్లవ్స్ ఇస్తే సగం బాధ తప్పుతుంది, ఇవ్వాల్సిన బాధ్యత యజమానులదే. బుడితి వైపు ఇత్తడి, కంచు పోత పోసేవాళ్లది ఇంకో రకం. కరిగిన లోహం చుక్క పాదం మీద పడితే పైకి శనగగింజంత తెల్ల మచ్చ, నొప్పి లేదు, పని ఆపరు. లోపల బాగా లోతు ఉంటుంది. వారం తర్వాత వాపుతో వస్తారు. షుగరు ఉన్నవాళ్ల కాళ్లకీ ఇదే, వేడినీళ్లలో పెట్టిన కాలు ఎంత కాలిందో వాళ్లకి తెలియదు. ఈ రెండు రకాలకీ మందుల షాపు సలహా వద్దు, నేరుగా డాక్టరు దగ్గరికే.

వార్డులో మమ్మల్ని టెన్షన్ పెట్టేది ఆకుపచ్చ. కట్టు విప్పగానే గాజు మీద ఆకుపచ్చ నీలం మరక, తియ్యటి వాసన, ముక్కు ముందే చెప్పేస్తుంది, సూడోమోనాస్ అనే మొండి సూక్ష్మజీవి చేరిందని. తెల్ల క్రీమ్‌కి కూడా కొన్నిసార్లు లొంగదు. అప్పుడు సర్జన్‌లు చచ్చిన చర్మం కత్తిరించి తీసేసి, 1 శాతం ఎసిటిక్ ఆమ్లంలో, అంటే బాగా పలచన చేసిన వెనిగర్ లాంటి ద్రావణంలో తడిపిన గాజుతో కొన్ని రోజులు కట్లు కట్టమంటారు. చాలా పాత పద్ధతి, చౌక, మందులకి లొంగని మొండి సూక్ష్మజీవుల మీద కూడా పనిచేస్తుంది. కాస్త చురుక్కుమంటుంది, ముందే నొప్పి మందు ఇస్తాం. ఆకుపచ్చ పోయి ఎర్రటి కండ కనిపించగానే ఆపేస్తాం, అక్కడ యాంటీసెప్టిక్ పని అయిపోయినట్టే. ఇంట్లో సీసా వెనిగర్‌తో ఇది చెయ్యడానికి లేదు, ఘాటు ఎంత ఉందో తెలియకుండా పోస్తే కొత్త కండ మాడుతుంది.

ముఖం, చేతులు, పాదాలు, కీళ్లు, మర్మాంగాలు కాలినా, కరెంటు వల్ల కాలినా, మూసిన గదిలో పొగ పీల్చినా, పిల్లలకి వాళ్ల అరచేతులు ఐదింటి మేర, పెద్దవాళ్లకి వాళ్ల అరచేతులు పదింటి మేర కాలినా 108కి ఫోన్ చెయ్యండి. వేళ్లతో సహా ఎవరి అరచెయ్యి వాళ్ల ఒంట్లో సుమారు 1 శాతం. చిన్నగా కాలిన పసిపిల్లకైనా రెండు మూడు రోజుల్లో జ్వరం, విరేచనాలు, ఒంటి మీద ఎర్రటి దద్దు, మత్తుగా పడుకోవడం కనిపిస్తే పుండు బాగానే ఉంది కదా అని ఆగకండి, కొన్ని సూక్ష్మజీవుల విషం పిల్లల ఒంట్లో అంత వేగంగా పాకుతుంది, అదే రోజు తీసుకురండి. పెద్దవాళ్లకి పుండు చుట్టూ ఎరుపు పెరుగుతున్నా, నొప్పి తగ్గినట్టే తగ్గి మళ్లీ ఎక్కువైనా, వాసన వచ్చినా, గులాబీ రంగు పుండు నల్లబడుతున్నా అంతే.

వచ్చేటప్పుడు ఉతికి ఎండబెట్టిన మెత్తటి గుడ్డ చుట్టుకుని రండి, కొత్తగా ఏమీ రాయకండి. ఇంతకు ముందు రాసింది ఏదైనా సరే, పసుపైనా పేస్టైనా, భయపడకుండా చెప్పండి, ఎవరూ తిట్టరు. ట్యూబు ఉంటే అది, వాడే కిడ్నీ, షుగరు, థైరాయిడ్ మందుల చీటీ కూడా వెంట తెచ్చుకోండి.